విడుదలకు ముందురోజే తాళంచెవి తిప్పి చూడండి

రేపు రాత్రి అప్లికేషన్‌ను క్లౌడ్ సర్వరుకు ఎక్కించే పని ఉంటే, ఈ రోజు మధ్యాహ్నమే ఒకసారి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని సర్వరులోకి భద్రంగా వెళ్లే దారి) లోపలికి వెళ్లి రండి. కోడ్ సిద్ధంగా ఉండి, అందరూ ఎదురుచూస్తుండగా అర్ధరాత్రి తెర మీద ‘పర్మిషన్ డినైడ్ (పబ్లిక్‌కీ)’ అని కనిపిస్తే చేతులు ఊరుకోవు. పాత కీ, అంటే సర్వరుకు తాళంచెవిలా పనిచేసే ఫైలు, చెరిపేసి కొత్తది తయారు చేయాలనిపిస్తుంది. ఆ ఒక్క పనీ చేయకండి. ఆ కీతోనే తెరుచుకునే సర్వర్లు ఇంకెన్ని ఉన్నాయో ఆ వేళ గుర్తుకు రాదు.

ముందు ఆ వాక్యాన్ని నిదానంగా చదవాలి. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తే మీరింకా తలుపు దాకా చేరలేదు. కీ గురించి ఆలోచించడమే దండగ. ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే 22వ పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ చిరునామా రాత్రికి రాత్రే మారిపోవచ్చు. నిన్నటి చిరునామాకే అనుమతి ఇచ్చి ఉంటే ఈ రోజు మీరు బయటి మనిషే.

‘పర్మిషన్ డినైడ్’ అంటే తలుపు దాకా వెళ్లారు, లోపలికి రానివ్వలేదు. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది యూజర్ పేరు దగ్గర. అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్లు ఈసీ2లో అమెజాన్ లినక్స్ అయితే ‘ఈసీ2-యూజర్’, ఉబుంటు అయితే ‘ఉబుంటు’, డెబియన్ అయితే ‘అడ్మిన్’. పేరు తప్పని సర్వరు చెప్పదు. ఏ పేర్లున్నాయో బయటివాళ్లకు తెలియకూడదు కదా. ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశానికి ‘-వి’ చేర్చి నడిపితే సర్వరుకు ఏయే కీలను చూపిస్తున్నదో వరుసగా రాస్తుంది. మీ కీ ఫైలు పేరు ఆ వరుసలో లేకపోతే తప్పు మీ కంప్యూటర్‌లోనే ఉంది. ఏజెంట్‌లో, అంటే మీ కీలను గుర్తుంచుకునే ప్రోగ్రాములో, బోలెడు కీలు పోగుపడినా చిక్కే. మామూలుగా ఆరు ప్రయత్నాలు దాటితే సర్వరు తెంచేస్తుంది. మీ కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో ‘ఐడెంటిటీస్ ఓన్లీ’కి ‘యెస్’ పెట్టి, వాడవలసిన కీ పేరు రాయండి.

ఫైళ్ల అనుమతుల విషయం నాకు చెంపదెబ్బతో తెలిసింది. మీ దగ్గరే ఉండే ప్రైవేటు కీకి 600, కీలుండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరుకు 700 (రెండూ యజమానికి మాత్రమే అనుమతి) ఉండాలని అందరికీ తెలుసు. హోమ్ ఫోల్డరును ఎవరూ పట్టించుకోరు. ఒకసారి ఫైళ్లు ఎక్కడం లేదని విసుగొచ్చి సర్వరులోని నా హోమ్ ఫోల్డరుకు 777 (ఎవరైనా రాయవచ్చు) ఇచ్చి బయటికి వచ్చేశాను. మళ్లీ వెళ్లబోతే నిన్నటి కీయే పనిచేయలేదు. ఇతరులు రాయగలిగే ఫోల్డరులోని కీల జాబితాను సర్వరు నమ్మదు. ఆ కారణం సర్వరు లాగ్‌లోనే ఉంటుంది, లాగ్ చూడాలంటే లోపలికి వెళ్లాలి! చివరికి ఆ డిస్కును విడదీసి, ఇంకో యంత్రానికి తగిలించి సరిచేసేసరికి సగం రోజు పోయింది.

కోడ్‌ను తనంతట తానే సర్వరుకు ఎక్కించే (డిప్లాయ్ చేసే) పైప్‌లైన్ ఉంటే మరికాస్త జాగ్రత్త. కీని పైప్‌లైన్ రహస్యాల పెట్టెలో (సీక్రెట్స్) అతికించేటప్పుడు చివరి వరుస తర్వాతి ఎంటర్ జారిపోతే, ఫార్మాట్ చెల్లదంటుంది. విండోస్ వరుస ముగింపులు కూడా ఇదే గొడవ తెస్తాయి. పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే రహస్యపదం) ఉన్న కీ ఇస్తే అక్కడ టైప్ చేసే మనిషి ఉండడు. ఆ పనికి మాత్రమే విడిగా ఒక కీ చేసి, దానికి తక్కువ హక్కులివ్వండి. సర్వరులో పెట్టే పబ్లిక్ కీ ఎంత పొడవున్నా ఒకే వరుస. మధ్యలో విరిగితే పనికిరాదు.

సర్వరు ఓఎస్‌ను కొత్తది చేస్తే పాత పనిముట్లు మొరాయించవచ్చు. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి షా-1 అనే పాత పద్ధతితో ఆర్‌ఎస్‌ఏ రకం కీలు చేసే సంతకాలకు డిఫాల్టుగా చోటు లేదు. కీ చెడిపోలేదు, క్లయింటు పాతదైంది.

‘హోస్ట్ గుర్తింపు మారింది’ (అవతలి సర్వరు మునుపటిది కాకపోవచ్చు) అన్న హెచ్చరికను తేలిగ్గా కొట్టిపారేయకండి. 2023 మార్చిలో కోడ్ దాచుకునే వేదిక గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీ (సర్వరు తనను తాను నిరూపించుకునే కీ) పొరపాటున బయటపడటంతో దాన్ని మార్చింది. అప్పుడు ఎంతోమందికి ఇదే హెచ్చరిక వచ్చింది. సర్వరును మీరే కొత్తగా కట్టి ఉంటే సరే. లేదంటే ఆ కీని గుర్తుపట్టే చిన్న గుర్తు, ఫింగర్‌ప్రింట్, పోల్చి చూశాకే మీ కంప్యూటర్‌లో దాచి ఉన్న పాత వరుస తీసేయండి. పైప్‌లైన్‌లో ఆ తనిఖీనే ఆపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సర్వరులో ఎస్‌ఎస్‌హెచ్ అమరికలు మార్చవలసి వస్తే, ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’తో తప్పులు చూసుకున్నాకే సేవను మళ్లీ ప్రారంభించండి. తెరిచి ఉన్న టెర్మినల్‌ను అలాగే ఉంచి, పక్కన ఇంకోటి తెరిచి అందులోంచి లోపలికి వెళ్లగలిగాకే మొదటిది మూయండి.