డ్రాగ్ కారులో క్లచ్ పూర్తిగా విడవడం లేదా? కేబుల్, హైడ్రాలిక్ పద్ధతుల మధ్య ఎంపికకు ముందు చూడవలసినవి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ పాత ఎస్టీమ్, జెన్ కార్లను డ్రాగ్ పోటీలకు (నిలిచిన చోటి నుంచి తిన్నని దారిలో దూసుకువెళ్లే పందేలకు) సిద్ధం చేసుకునేవారు ఇంజన్ పని ముగించి, గట్టి ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఇంజన్ వైపు అదిమి పట్టే భాగం) వేయించిన తరువాత తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. క్లచ్ పెడల్ ఒత్తిడిని తీగతో అందించే కంపెనీ కేబుల్‌నే ఉంచుకోవాలా, ఆయిల్ ఒత్తిడితో అందించే హైడ్రాలిక్‌కు మార్చుకోవాలా? రాణిపేట మీదుగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లి, 402 మీటర్ల పరుగులో రెండవ గేరు పడక నిరాశతో తిరిగి వచ్చినవారు ఈ ప్రశ్నను మరింత ఆతురతతో అడుగుతారు. నా అభిప్రాయంలో ఆ నిర్ణయం కొలత తరువాతే రావాలి. కొలవకుండా పద్ధతి మార్చినవారు పాత లోపాన్ని కొత్త సామానులోకి తీసుకువెళతారు.

క్లచ్ ఎక్కడ విడుస్తుందన్న కొలత ఇలా తీసుకోవాలి. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రాల్లో ఒకదానిని మాత్రమే జాకీతో పైకి లేపి, దాని కింద స్టాండు ఉంచాలి. రెండు చక్రాలనూ లేపితే డిఫరెన్షియల్ వల్ల ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగిపోయి పరీక్ష పనికిరాకుండా పోతుంది. మొదటి గేరులో ఉంచి ఒకరు పెడల్‌ను మెల్లగా తొక్కుతుండగా మరొకరు లేపిన చక్రాన్ని చేతితో తిప్పాలి. చక్రం స్వేచ్ఛగా తిరగడం మొదలైన చోటే క్లచ్ విడిచిన స్థానం. అక్కడి నుంచి నేల వరకు పెడల్‌కు కనీసం రెండు వేళ్ల మందం ప్రయాణం మిగిలి ఉండాలి. ఈ పరీక్ష షెడ్డులోనే చేయాలి; రేణిగుంట రోడ్డు మీద గేర్లు మార్చి చూసుకోవడం ప్రమాదకరం, అనవసరం కూడా.

లక్షణం 1: షెడ్డులో గేర్లు చక్కగా పడతాయి, ట్రాక్ మీద ఇంజన్ వేగం పెరిగాక రెండవ గేరు గర్రుమంటుంది

ఎక్కువగా ఎదురయ్యేది, ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునేది ఇదే. చాలామంది గేర్‌బాక్సును విప్పుతారు. అసలు కారణం తరచుగా రిలీజ్ బేరింగ్‌కు (ప్రెషర్ ప్లేటును నొక్కి క్లచ్‌ను విడిపించే భాగానికి) అవసరమైన ప్రయాణం అందకపోవడం. నెమ్మదిగా గేరు మార్చేటప్పుడు క్లచ్ ప్లేటు కొద్దిగా రాసుకున్నా గేర్ల వేగాలను కలిపే సింక్రోనైజర్ రింగులు ఆ లోటును కప్పిపుచ్చుతాయి. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర వేగంగా మార్చేటప్పుడు వాటికి ఆ సమయం దొరకదు.

హైడ్రాలిక్ పద్ధతిలో ఈ లోటు ఎలా వస్తుందో ఒక లెక్కతో చూద్దాం. పెడల్ నొక్కే మాస్టర్ సిలిండర్ వ్యాసం 5/8 అంగుళం, క్లచ్ వైపు ఉండే స్లేవ్ సిలిండర్ వ్యాసం 3/4 అంగుళం, మాస్టర్ పిస్టన్ ప్రయాణం 30 మి.మీ. అనుకుందాం. వ్యాసాల వర్గాల నిష్పత్తి 0.694 కనుక స్లేవ్ సుమారు 20.8 మి.మీ. కదులుతుంది, ఫోర్కు (బేరింగ్‌ను నెట్టే మీట) దానిని సగం చేస్తే బేరింగ్‌కు 10.4 మి.మీ. అందుతుంది. ప్రెషర్ ప్లేటుకు 10 మి.మీ. కావాలంటే కాగితం మీద ఇది సరిపోయినట్లే. అయితే గట్టి స్ప్రింగు వేశాక పెడల్ తొక్కిన ప్రతిసారీ ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే అడ్డు) రేకు మాస్టర్ సిలిండర్‌తో పాటు 3 మి.మీ. ముందుకు వంగితే, మిగిలిన 27 మి.మీ.తో బేరింగ్‌కు చేరేది 9.4 మి.మీ. మాత్రమే. క్లచ్ విడిచినట్లే ఉంటుంది, పూర్తిగా విడవదు.

కాబట్టి ముందుగా ఒకరిని పెడల్ తొక్కమని, బానెట్ తెరిచి ఫైర్‌వాల్‌ను గమనించండి. అది కదులుతుంటే లోపలి వైపు మందపాటి ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయించాలి. లైనులో గాలి ఉంటే తీయాలి. ఇవి రెండూ చేశాకే పెద్ద మాస్టర్ సిలిండర్ గురించి ఆలోచించాలి. 11/16 అంగుళం వేస్తే అదే లెక్కలో బేరింగ్‌కు 12.6 మి.మీ. వస్తుంది, కానీ పెడల్ బరువు సుమారు 21 శాతం పెరుగుతుంది. పైగా ఆ ప్రయాణం ప్లేటు తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితిని దాటవచ్చు.

కేబుల్ కారులో ఇదే లక్షణానికి కారణం కేబుల్ సాగడం, లేదా దాని బయటి గొట్టం ఆనుకునే బ్రాకెట్ వంగడం. బ్రాకెట్‌కు బలం చేకూర్చి కొత్త కేబుల్ వేస్తే చాలా కార్లకు హైడ్రాలిక్ అవసరమే రాదు.

లక్షణం 2: గేరు మార్చిన తరువాత పెడల్ నేలకే అంటుకుపోతుంది

అధిక వేగంలో డయాఫ్రమ్ వేళ్లను (ప్రెషర్ ప్లేటు స్ప్రింగులో బేరింగ్ నొక్కే కొసలను) అవసరానికి మించి లోపలికి నెట్టినప్పుడు, అపకేంద్ర బలం వాటిని వెంటనే వెనక్కి రానివ్వకుండా పట్టి ఉంచుతుంది. వెనక్కి లాగే స్ప్రింగును గట్టిగా మార్చడం చాలామంది చేసే పని. అది లోపాన్ని దాచుతుంది. పై పరీక్షలో క్లచ్ విడిచిన స్థానం దాటి కొద్దిగా కిందికి వెళ్లాక పెడల్ ఆగిపోయేలా నేల మీద బోల్టుతో ఒక స్టాపర్ బిగించడమే సరైన పరిష్కారం. కేబుల్ అయినా హైడ్రాలిక్ అయినా దీనిని నేను ప్రతి డ్రాగ్ కారులోనూ పెట్టిస్తాను.

లక్షణం 3: మొదటి పరుగు బాగుంటుంది, వేడెక్కాక పెడల్ మెత్తబడుతుంది లేదా పట్టు స్థానం మారుతుంది

హైడ్రాలిక్‌లో దీనికి కారణం తేమ పట్టిన బ్రేక్ ఆయిల్ (క్లచ్ లైనులోనూ అదే వాడతారు). డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ పీల్చాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల తడి నెలలు గడిచాక పాత ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది నింపడం మంచిది. లైను ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజన్ నుంచి వేడి పొగను తీసుకువెళ్లే గొట్టాలు) పక్కగా వెళుతుంటే దారి మార్చి, వేడిని ఆపే తొడుగు వేయాలి. ఇంజన్ ఆయిల్ ఎన్నడూ పోయరాదు. రబ్బరు కప్పులు ఉబ్బి చెడిపోతాయి.

కేబుల్‌కు మరిగే గుణం లేకపోయినా, హెడర్ దగ్గర లోపలి ప్లాస్టిక్ పొర కరిగి తీగ పట్టేస్తుంది. దానికీ తొడుగు, మెలికలు లేని దారి అవసరం.

లక్షణం 4: క్లచ్ జారుతుంది, కాలిన వాసన వస్తుంది

కొత్త క్లచ్ ప్లేటు కొనేముందు ఫ్రీ ప్లే (ఒత్తిడి మొదలయ్యే ముందు ఉండే ఖాళీ కదలిక) చూడండి. హైడ్రాలిక్‌లో పెడల్‌కు కలిసిన పుష్‌రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను ఎప్పుడూ నొక్కే ఉంటే ఆయిల్ తిరిగి బుడ్డిలోకి వెళ్లే రంధ్రం మూసుకుపోయి, వేడికి ఆయిల్ వ్యాకోచించినకొద్దీ బేరింగ్ దానంతటదే నొక్కుకుంటుంది. పుష్‌రాడ్ వద్ద సుమారు 1 మి.మీ. ఖాళీ ఉంచితే చాలు.

ఇవన్నీ సరిచేశాక కూడా కేబుళ్లు తెగుతుంటే, లేదా పెడల్ మోయలేనంత బరువుగా ఉంటే, అప్పుడు హైడ్రాలిక్‌కు మారడం సమంజసం. ఆ మార్పులో స్లేవ్ సిలిండర్‌లో బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే తొడుగు) బయట ఉండే రకాన్నే ఎంచుకోండి. బేరింగ్ చుట్టూ లోపలే ఉండే రకం చూడటానికి పొందికగా ఉన్నా, కారడం మొదలైతే గేర్‌బాక్స్ దించక తప్పదు, ట్రాక్ పక్కన ఆ పని సాధ్యపడదు. బయటి రకానికి రబ్బరు కప్పుల కిట్టు, ఒక సీసా డాట్ 4, బ్లీడర్‌కు (గాలి వదిలే మరకు) సరిపోయే స్పానర్, గాలి తీయడానికి ఒక పారదర్శక గొట్టం వెంట తీసుకువెళ్లండి. కేబుల్‌తోనే ఉండేవారు ముందుగా అమర్చి సరిచూసి తీసిన రెండవ కేబుల్‌ను డిక్కీలో ఉంచుకోవాలి.