కష్టకాలంలో కొత్త సెమిస్టర్: కాలేజీ తరఫున స్వాగత సందేశం పంపే ముందు జాగ్రత్తలు

- జరిగిందేమిటో మొదటి వాక్యంలోనే సూటిగా చెప్పండి. "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా" అని దాటేస్తే ఏదో దాస్తున్నారనే అనుకుంటారు.

- ఎవరైనా చనిపోయి ఉంటే, పేరు రాసే ముందు కుటుంబాన్ని అడగండి. స్పెల్లింగ్ ఇంకొకరితో చూపించుకోండి. ఆత్మహత్య అయితే ఎలా, ఎక్కడ అన్న వివరాలు అసలు వద్దు. అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. "ఫలానా కారణం వల్లే" అని తేల్చేయడమూ వద్దు. మీడియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే.

- హెల్ప్‌లైన్ నంబర్ ఇస్తున్నారా? ముందు మీరే ఫోన్ చేసి చూడండి, రాత్రి పూట కూడా. ఎవరూ ఎత్తని నంబర్ ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే నయం.

- ఫీజు గడువు, హాజరు మినహాయింపు: ఆఫీసు ఒప్పుకున్నవే రాయండి. టెన్షన్‌లో ఉన్నవాళ్లకు "పరిశీలిస్తాం" కూడా మాటిచ్చినట్టే వినిపిస్తుంది.

- మెస్, సెక్యూరిటీ, పారిశుధ్య సిబ్బందికి కూడా సందేశం చేరాలి. వాళ్లలో చాలామందికి కాలేజీ మెయిల్ ఉండదు, నోటీసు బోర్డు మీదా పెట్టండి.

- ఆటోమేటిక్‌గా వెళ్లేలా ముందే పెట్టిన ఫెస్ట్ మెయిల్స్ ఏమైనా ఉంటే ఈ సందేశం వెళ్లే రోజుకు ఆపేయండి.