మామూలు దారి తప్పినవాళ్లు సర్కారు బడి టీచరు కావాలంటే: గోదావరి జిల్లాల అభ్యర్థులకు

ఇంటర్, డీఈఎల్ఈడీ (ప్రాథమిక తరగతుల టీచరు శిక్షణ డిప్లొమా), టెట్ (టీచరు అర్హత పరీక్ష), డీఎస్సీ (ప్రభుత్వ టీచరు నియామక పరీక్ష). లేదంటే డిగ్రీ, బీఈడీ, టెట్, డీఎస్సీ. సర్కారు బడిలో టీచరు కావడానికి ఎక్కువమంది నడిచే దారులు ఈ రెండే. ఈ వరుసలో రానివాళ్లు డెల్టాలో ఊరూరా కనిపిస్తారు. బీటెక్ చేసి భీమవరంలో ట్యూషన్లు చెప్పుకుంటున్నవాళ్లు, పాలకొల్లులోనో అమలాపురంలోనో కాన్వెంటులో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నా శిక్షణ కాగితం లేనివాళ్లు, పెళ్లితో చదువాగి ముప్పై అయిదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు. వీళ్లకూ దారులున్నాయి. అయితే శిక్షణ ఎగ్గొట్టి దాటే దారి మాత్రం ఒక్కటీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ కింద ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2010 ఆగస్టు 23న కనీస అర్హతలు ప్రకటించింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచరుకు శిక్షణ, టెట్ రెండూ అప్పటి నుంచి తప్పనిసరి. ఉద్యోగం ఇచ్చేది డీఎస్సీ.

కాబట్టి ముందు పోస్టు ఎంచుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రండి. కోర్సు ముందు కట్టేసి పోస్టు తర్వాత వెతికేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

బీఈడీ ఉంది, ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) కావాలి

కుదరదు. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లను కూడా ప్రాథమిక తరగతులకు అనుమతించింది. ఉద్యోగంలో చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలంది. దాన్ని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టేసింది. ఇప్పుడు వినిపిస్తున్న ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ) బ్రిడ్జి కోర్సు ఆ రెండు తేదీల మధ్య నియమితులై ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసం. బీఈడీ చేతిలో పెట్టుకుని ఈ కోర్సు చేస్తే ఎస్జీటీకి అర్హత వస్తుందని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

ఎస్జీటీయే కావాలంటే డీసెట్ (ప్రవేశ పరీక్ష) రాసి డీఈఎల్ఈడీలో చేరాలి. డిగ్రీ, బీఈడీ ఉన్నా ఇంటర్ మార్కుల మీదే రావచ్చు. ప్రభుత్వ డైట్‌లు (ఈ శిక్షణ ఇచ్చే కాలేజీలు) బొమ్మూరు, దూబచర్లల్లో ఉన్నాయి. రెండేళ్లు పోతాయి, నిజమే. కానీ 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే 6,371 ఎస్జీటీలే. సబ్జెక్టు వారీగా చీలిపోయే స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచరు) పోస్టులతో పోలిస్తే ఇది ఒకే పెద్ద గంప. ఇంటర్ మార్కులు బాగుండి వయసు కలిసొస్తే ఈ రెండేళ్లు దండగ కావు.

కాన్వెంటు అనుభవం, ఎన్‌ఐఓఎస్ డిప్లొమా

శిక్షణ లేని ప్రైవేటు టీచర్లకు 2017–19లో ఎన్‌ఐఓఎస్ పద్దెనిమిది నెలల డీఈఎల్ఈడీ పెట్టింది. సుప్రీంకోర్టు 2023 నవంబరు తీర్పు తర్వాత ఆ సర్టిఫికెట్ కొత్త నియామకాలకు పనికిరాదని చాలామంది బీరువాలో పడేశారు. తీసి చూడండి. 2017 ఆగస్టు 10 నాటికి బడిలో పనిచేస్తూ, 2019 ఏప్రిల్ 1 లోపు కోర్సు పూర్తి చేసినవాళ్లది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో స్పష్టం చేసింది. మీరు నిరూపించాల్సింది ఆ ఆగస్టు నాటి ఉద్యోగం. బడి ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్, అప్పటి హాజరు పట్టీ, జీతం బ్యాంకులో పడిన ఆధారం, బడి గుర్తింపు ఉత్తర్వు నకలు ఒక ఫైల్లో పెట్టుకోండి. బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో రికార్డుల కోసం అడగండి. నోటిఫికేషన్ వచ్చాక ఈ పనికి దిగితే సమయం చాలదు.

ఆ కోర్సు చేయనివాళ్లకు కాన్వెంటు అనుభవం ఎన్నేళ్లదైనా శిక్షణ కింద లెక్కకు రాదు.

ఉద్యోగం మానకుండా బీఈడీ

ఇగ్నో దూరవిద్య బీఈడీ ఉంది. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు. డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. చాలామంది చదవకుండా వదిలేసే షరతు ఇంకొకటుంది: ప్రాథమిక విద్యలో శిక్షణ పొంది పనిచేస్తున్న టీచరై ఉండాలి, లేదా ఎన్‌సీటీఈ గుర్తించిన ఉపాధ్యాయ శిక్షణ ఏదో ఒకటి రెగ్యులర్‌గా పూర్తి చేసి ఉండాలి. అంటే వట్టి డిగ్రీతో నేరుగా ఇందులోకి రాలేరు. డీఈఎల్ఈడీ చేసి కాన్వెంటులోనో సర్కారు బడిలోనో పనిచేస్తూ స్కూల్ అసిస్టెంట్ కావాలనుకునేవాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. వర్క్‌షాపులకు మాత్రం వెళ్లి తీరాలి. సెలవు ముందే మాట్లాడుకోండి.

శిక్షణ ఏదీ లేని డిగ్రీవాళ్లకు ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష), రెగ్యులర్ బీఈడీయే దిక్కు. బీటెక్ వాళ్లు సైన్స్, గణితం స్పెషలైజేషన్‌తో 55 శాతం మార్కులతో చేరవచ్చు. చేరేముందు ఆఖరి డీఎస్సీ నోటిఫికేషన్ తెరిచి, స్కూల్ అసిస్టెంట్ అర్హతల పట్టికలో మీ డిగ్రీ పేరు ఏ సబ్జెక్టు ఎదురుగా ఉందో చూడండి. మెథడాలజీ (బీఈడీలో బోధన నేర్చుకునే సబ్జెక్టు) దానికి తగ్గట్టు తీసుకోవాలి. డిగ్రీలో చదివింది ఒకటి, బీఈడీలో సీటు దొరికిందని తీసుకున్న మెథడాలజీ ఇంకొకటి అయితే సర్టిఫికెట్ల పరిశీలన రోజున రెండు మెమోలూ పక్కపక్కన పెట్టి చూసి పక్కన పెట్టేస్తారు. బీఈడీ పాసైనా పోస్టు లేనట్టే.

ఇక నాన్ అటెండెన్స్ బీఈడీ సంగతి. కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలప్పుడు వస్తే చాలు అని గట్టిగానే అమ్ముతున్నారు. ఎన్‌సీటీఈ నిబంధన ప్రకారం తరగతులకు, ప్రాక్టికల్స్‌కు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ రెండేళ్లలో కలిపి ఇరవై వారాలు. రెగ్యులర్ బీఈడీ చేసిన ఏళ్లలోనే ఫుల్‌టైమ్ టీచరుగా పనిచేసినట్టు అనుభవ పత్రం కూడా జతచేస్తే మీ కాగితాలే మీ మీద సాక్ష్యం చెబుతాయి.

ఫీజు కట్టేముందు ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, కోర్సు పేరు, మంజూరైన సీట్లు చూడండి. గుర్తింపు కోర్సు వారీగా ఇస్తారు. బీఈడీకి ఉన్నంత మాత్రాన అదే ప్రాంగణంలోని డీఈఎల్ఈడీకి ఉన్నట్టు కాదు. ఏటా ఇవ్వాల్సిన పనితీరు నివేదిక ఇవ్వనందుకు ఎన్‌సీటీఈ ఈ మధ్య దేశమంతటా చాలా కాలేజీల గుర్తింపు తీసేసింది. అందుకని గోడకు వేలాడదీసిన పాత ఉత్తర్వు చూసి నమ్మకండి.

రద్దీ తక్కువున్న తలుపులు

ప్రత్యేక విద్య. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం 2,260 టీచరు పోస్టులు సృష్టించింది. ఎస్జీటీలు 1,136, స్కూల్ అసిస్టెంట్లు 1,124. దీనికి ప్రత్యేక విద్యలో డిప్లొమా లేదా బీఈడీ కావాలి, కోర్సుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉండాలి, మీ పేరు ఆ మండలి రిజిస్టరులో ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు గడువుంటుంది. తేదీ చూసి రెన్యువల్ చేయించుకోకపోతే నోటిఫికేషన్ రోజుకు అది చెల్లని కాగితం. టెట్‌లోనూ వీళ్లకు పేపర్లు వేరు: 1బి, 2బి. మామూలు 1ఎ, 2ఎ రాసి వస్తే ఉపయోగం లేదు.

డిగ్రీలో తెలుగు ఒక ప్రధాన సబ్జెక్టుగా చదివినవాళ్లు, తెలుగు ఎంఏ వాళ్లు పండిత శిక్షణతో గానీ తెలుగు మెథడాలజీ ఉన్న బీఈడీతో గానీ తెలుగు స్కూల్ అసిస్టెంట్‌కు రావచ్చు. పీజీ, బీఈడీ రెండూ ఉన్నవాళ్లకు మోడల్ స్కూళ్లు, గురుకులాల్లో పీజీటీ (ఇంటర్ స్థాయి టీచరు) పోస్టులున్నాయి. వీటికి టెట్ అక్కర్లేదు గానీ ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష గట్టెక్కాలి. తెలుగు మీడియం వాళ్లు ఎక్కువగా పోతున్నది అక్కడే. క్రీడల్లో రాష్ట్ర, జాతీయ స్థాయి సర్టిఫికెట్లుంటే 3 శాతం కోటా ఉంది. 2025లో దానికి రాత పరీక్ష పెట్టలేదు, పోస్టుకు కావాల్సిన అర్హతలు మాత్రం అడిగారు. పెద్దాపురం, పెదవేగి నవోదయల్లాంటి కేంద్ర ప్రభుత్వ బడుల వైపు చూసేవాళ్లు, పీజీటీ పోస్టులకు తప్ప, సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) రాయాలి.

కస్తూర్బా విద్యాలయాల్లో కాంట్రాక్టు పోస్టులు మహిళలకే. జీతం తక్కువ, ఏటా రెన్యువల్. డీఎస్సీ దాకా నిలదొక్కుకోవడానికి పనికొస్తాయి, అంతే.

స్థానికత: ఇల్లు ఏ ఒడ్డున, బడి ఏ ఒడ్డున

2025 డీఎస్సీలో 80 శాతం పోస్టులు స్థానికులవి. డెల్టాలో ఎక్కువ తికమక వచ్చేది ఇక్కడే, ఎందుకంటే మన జిల్లాల సరిహద్దు గోదావరి పాయ. స్థానికత తేల్చేది చదువు. పదో తరగతితో ముగిసే వరస నాలుగేళ్లు ఒకే జిల్లాలో చదివితే అక్కడ స్థానికులు. అలా కాకపోతే, నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ.

సఖినేటిపల్లిలో ఇల్లుండి, రోజూ పంటు మీద వశిష్ఠ దాటి నరసాపురంలో చదువుకున్న పిల్ల పశ్చిమగోదావరికి స్థానికురాలు. ఆధార్, రేషన్ కార్డు అన్నీ కోనసీమవే అయినా లెక్క మారదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినా 2025 డీఎస్సీ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే నడిచింది. కాబట్టి అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం వాళ్లంతా ఒకే జాబితాలో పోటీపడ్డారు. పాత తూర్పుకు 1,241, పాత పశ్చిమకు 1,035 పోస్టులు వచ్చాయి.

యానాంలో చదివినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చుట్టూ మన ఊళ్లే, మాట్లాడేది మన తెలుగే, బడి మాత్రం పుదుచ్చేరి ప్రభుత్వానిది. ఆ ఏళ్లు ఆంధ్రాలో చదివినట్టు లెక్కకు రావు. అమ్మానాన్నలు పనికోసం హైదరాబాద్ వెళితే అక్కడ చదువుకుని వచ్చినవాళ్లదీ అదే ఇబ్బంది. నాలుగు నుంచి పది దాకా ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చుకోండి. తెచ్చుకున్నాక ఇంటిపేరు అక్షరాలు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోయాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒక అక్షరం తేడా ఉంటే హెడ్మాస్టరు సంతకం పెట్టేముందే దిద్దించుకోవడం తేలిక.

టెట్ పాసైతే చాలదు

టెట్ 150 మార్కులు, 150 నిమిషాలు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. దాంతో చాలామంది మళ్లీ రాయరు. అక్కడే నష్టపోతున్నారు. డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20, డీఎస్సీ పరీక్షకు 80. టెట్‌లో 90 వస్తే ఆ ఇరవైలో మీకు 12 మార్కులు. 120 వస్తే 16. నాలుగు మార్కుల తేడా. డీఎస్సీలో 160 ప్రశ్నలకు ప్రశ్నకు అర మార్కు చొప్పున ఇస్తారు కాబట్టి ఆ నాలుగు మార్కులంటే ఎనిమిది ప్రశ్నలు. హోరాహోరీ పోటీలో ఎనిమిది ప్రశ్నలు సంపాదించడం కంటే, తీరిగ్గా ఉన్నప్పుడు మళ్లీ టెట్ రాసి ముప్పై మార్కులు పెంచుకోవడం సులువు. వచ్చినవాటిలో ఎక్కువ స్కోరునే వాడుకోవచ్చు. శిశు వికాసం, రెండు భాషలు కలిపి 90 మార్కులు రెండు పేపర్లలోనూ ఉంటాయి. సబ్జెక్టు మీద పడి వీటిని వదిలేయకండి.

ఇప్పటికే సర్వీసులో ఉండి టెట్ లేనివాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. అంతకంటే తక్కువ మిగిలినవాళ్లు రిటైరయ్యే దాకా కొనసాగవచ్చు, టెట్ లేకుండా ప్రమోషన్ మాత్రం రాదు.

వయసు, దరఖాస్తు

2025లో గరిష్ఠ వయసు 44. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు 49, దివ్యాంగులకు 54. నలభై దాటాక రెండేళ్ల కోర్సులో చేరేవాళ్లు ఆ కోర్సు ముగిసేనాటికి తమ వయసెంతో, అప్పటికి ఎన్ని నోటిఫికేషన్లు అందుతాయో వేసుకుని దిగాలి. నోటిఫికేషన్లు ఏటా వస్తాయని లెక్కవేసుకోకండి.

రెండు మూడు పోస్టులకు అర్హత ఉన్నవాళ్లు దరఖాస్తులో ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు నెట్ సెంటరు కుర్రాడికి వదిలేయకండి. 2025లో ఆ క్రమాన్ని దరఖాస్తులోనే అడిగారు. ఎస్జీటీని ముందు రాసి, స్కూల్ అసిస్టెంట్‌లోనూ మంచి ర్యాంకు వచ్చినా ఎస్జీటీలోనే కుదురుకోవాల్సి వచ్చినవాళ్లున్నారు. సబ్మిట్ నొక్కేముందు ఆ పేజీ ప్రింటు తీయించి మీరే ఒకసారి చదవండి.