పాత రంగు గోడ మీద కొత్త ప్లాస్టరింగ్: ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

అసలు ప్రమాదం పాత రంగు పొరే. సిమెంట్ మాలు రంగును పట్టుకుంటుంది, రంగు గోడను వదిలేస్తుంది. చివరికి రెండూ కలిసి పెచ్చులుగా ఊడతాయి.

- గోడ మీద నీళ్లు చల్లండి. పీల్చుకోకుండా జారిపోతే అది ఎమల్షనో ఆయిల్ పెయింటో, పూర్తిగా గీకించాల్సిందే. చేతికి తెల్లగా అంటితే సున్నం. వైర్ బ్రష్‌తో రుద్ది కడగాలి. పాత ఇళ్ల రంగులో సీసం ఉండొచ్చు, తడిపి గీకండి, మాస్కు తప్పనిసరి.
- సుత్తితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పాత ప్లాస్టరింగ్‌ను ఇటుక దాకా కొట్టేయాలి.
- మిగతా గోడంతా ఉలితో దగ్గర దగ్గరగా, సుమారు 3 మి.మీ. లోతు గాట్లు. మేస్త్రీలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పనే, దగ్గరుండి చేయించండి.
- చెమ్మ, పైపు లీకులు ముందే ఆపాలి.
- కాలమ్ (కాంక్రీట్ స్తంభం), ఇటుక గోడ కలిసే చోట మెష్ (జాలీ) కొట్టించండి.
- ముందురోజు గోడ తడపండి; పని వేళకు తడి ఉండాలి, నీరు కారకూడదు.
- మాలు 1:4 (ఒక పాలు సిమెంట్‌కు నాలుగు పాళ్లు ఇసుక), జల్లించిన ఇసుకతో. ఒక్కో కోటు 15 మి.మీ. మించొద్దు.
- మిట్టమధ్యాహ్నపు ఎండలో, వాన సూచన ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 7 రోజులు తడపడానికి నీళ్లు, మనిషి సిద్ధంగా ఉండాలి.