పాపతో రైలెక్కే ముందు రాగి మఫిన్లు చేస్తున్నారా? ఇవి చూసుకోండి

పాపకు పది నెలలు, సికింద్రాబాద్ నుంచి తిరుపతికి రాత్రి రైలు అనుకుందాం. ఓవెన్ వెలిగించే ముందే కొన్ని జాగ్రత్తలు.

- ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు వద్దు. బేక్ చేస్తే పోతుందిలే అనుకోకండి, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఆ వేడికి చావవు. పంచదార, బెల్లం, ఉప్పు కూడా వద్దు. బాగా మగ్గిన అరటిపండు తీపి చాలు. మన నాలుకకు చప్పగానే ఉంటుంది, కానీ చేసేది మనకు కాదుగా!

- రాగి, గోధుమ, గుడ్డు... వీటిలో ఏది పాపకు కొత్తదైనా ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందే ఇంట్లో కొంచెం పెట్టి చూడండి. నడిరాత్రి రైల్లో దద్దుర్లు వస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

- రాగిలో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ ఉండదు. రాగిపిండి ఒక్కటే వాడితే మఫిన్ పొడిపొడిగా రాలి గొంతుకు అడ్డం పడుతుంది. సగం గోధుమపిండి కలపండి. జీడిపప్పు పలుకులు, కిస్‌మిస్ వేయొద్దు.

- పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. బయలుదేరే రోజే చేసుకోండి, మర్నాటికి మిగిలితే పారేయండి.

- కూర్చోబెట్టి తినిపించండి, బెర్త్ మీద పడుకోబెట్టి కాదు.

- ఐదేళ్లలోపు పిల్లలకు వేరే బెర్త్ అక్కర్లేకపోతే టికెట్ అవసరం లేదు.