చలి ముదరకముందే గోబర్ గ్యాస్ ప్లాంటుకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

లంబసింగి, అరకు వైపు, ఇటు ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంటుంది. గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులకు 30 నుంచి 37 డిగ్రీల వేడి కావాలి. 20 కంటే తగ్గితే మందగిస్తాయి, 10 దగ్గర దాదాపు ఆగిపోతాయి. నేలలో కట్టిన గుంత రాత్రికి రాత్రే చల్లబడదు. దాన్ని రోజూ కొంచెం కొంచెంగా చల్లార్చేది పొద్దున్నే మనం పోసే చల్లటి పేడనీళ్లే.

రోజుకు 2 ఘనమీటర్ల గ్యాస్ ఇచ్చే ప్లాంటుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు పడతాయి. రాత్రంతా ఆరుబయట ఉన్న తొట్టి నీళ్లు 12 డిగ్రీలుంటే, 20 డిగ్రీల పేడలో కలిపాక వచ్చేది 16 డిగ్రీలే. నీళ్లు 40 డిగ్రీలుంటే 30 వస్తుంది. అందుకే నల్లరంగు వేసిన డ్రమ్ములో నీళ్లు నింపి ఎండలో పెట్టండి. ఎండ చాలని రోజు ఒకట్రెండు బిందెల వేడినీళ్లు కలపండి. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి, అంతే. మరిగే నీళ్లు వద్దు. పేడ ఆ రోజుదే అయి ఉండాలి. మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్య కలిపి వెంటనే వదలండి. ప్లాంటు నుంచి బయటకొచ్చే స్లర్రీ (అరిగిన పేడనీళ్లు) ఒక బకెట్ కలిపితే సూక్ష్మజీవులు తిరిగి లోపలికి చేరతాయి.

గ్యాస్ తగ్గిందని పేడ ఎక్కువ వేయడం ఈ కాలంలో అన్నిటికంటే చేటు. మన ప్రాంతంలో పేడ 30 రోజులు లోపల ఉండేలా ప్లాంటు కడతారు. హిమాచల్ లాంటి చోట్ల 55 రోజులకు. చలికి అరుగుదల నెమ్మదించాక ఇంకా ఎక్కువ వేస్తే అరగని పేడ బయటకు నెట్టుకుపోతుంది, లోపల ఆమ్లం పెరుగుతుంది. స్లర్రీ పుల్లటి వాసన వేసి, పొయ్యి వెలిగించినా మంట నిలవకపోతే నాలుగైదు రోజులు పేడ ఆపండి. తర్వాత సగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

నేలలో ఇటుకలతో కట్టే కదలని గుమ్మటం రకాన్ని దీనబంధు అంటారు. ఆ గుమ్మటం మీది మట్టి కొట్టుకుపోయి ఉంటే ముందు దాన్ని సరిచేయండి. ఆపైన అడుగు మందాన ఎండు వరిగడ్డి పరిచి, పాలిథీన్ కప్పి అంచులు మట్టితో నొక్కండి. గడ్డి తడిస్తే వేడి నిలవదు. గుంతపైన తేలే ఇనుప డ్రమ్ములో గ్యాస్ నిలిచే రకానికి వేడి పోయేది ఎక్కువగా డ్రమ్ము నుంచే కాబట్టి పైన పాలిథీన్ పందిరి వేయాలి. లీకైన గ్యాస్ ఆ పందిరి కింద నిలుస్తుంది. పక్కలు ఎత్తి గాలి ఆడనిచ్చాకే దగ్గరికి వెళ్లండి. బీడీ, దీపం అసలు వద్దు. వెచ్చదనం కోసం గుమ్మటం పక్కన నెగడు వేయడమూ అంతే ప్రమాదం.

చలికి పైపులో నీరు చేరి మంట ఎగిరెగిరి పడుతుంటుంది. మూడు నాలుగు రోజులకోసారి నీటి వాల్వు తిప్పి ఆ నీరు పోనిచ్చి, మళ్లీ మూసేయండి. జాయింట్లలో లీకు చూడాలంటే సబ్బు నురగ రాయండి, అగ్గిపుల్ల గీయకండి.

కొత్త ప్లాంటు అయితే కార్తీకం లోపే మొదటిసారి నింపండి. అప్పటికి కుదరకపోతే మాఘం దాటాక నింపడమే మేలు.