యుద్ధనౌక మోడల్‌లో డెక్ రంగు కుదరడం లేదా?

సమస్య: రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా బాటిల్‌షిప్ కట్టారు. అంతా బాగానే ఉంది, డెక్ మాత్రం బిస్కెట్ రంగులో మెరుస్తూ ఆటబొమ్మలా ఉంది.

కారణం: మ్యూజియం ఫొటోలు. పెర్ల్ హార్బర్‌లో మిస్సోరీ, విల్మింగ్టన్‌లో నార్త్ కరోలినా అనే బాటిల్‌షిప్‌లు ఇప్పుడు టేకు చెక్క తేలిన డెక్‌తో కనిపిస్తాయి. మనం దాన్నే చూసి వేసేస్తాం. యుద్ధంలో అలా ఉండనిస్తే ముదురు నీలం సముద్రం మీద ఆ లేత చెక్క పైనుంచి వచ్చే విమానానికి ఇట్టే దొరికిపోతుంది. అందుకే 1941 నుంచి అమెరికా నేవీ డెక్‌లకు డెక్ బ్లూ 20-బి అనే ముదురు నీలి బూడిద రంగు పట్టించింది. మెజర్ 21, మెజర్ 22 కామఫ్లాజ్‌లు (శత్రువు కంట పడకుండా వేసే రంగుల పద్ధతులు) రెండింటిలోనూ నిలువు భాగాల రంగులు వేరు, డెక్ రంగు మాత్రం ఇదే. యుద్ధం అయ్యాకే గీకి, తోమి మళ్లీ చెక్కను బయటికి తెచ్చారు.

పరిష్కారం: ముందు ఏ నౌక, ఏ సంవత్సరం అన్నది తేల్చుకోండి. రంగు సీసా తర్వాత. 20-బి పేరుతోనే రంగులు దొరుకుతాయి. 1/700 మోడల్‌కు (అసలు నౌకలో ఏడు వందల వంతు సైజు) నేరుగా వేస్తే నల్లగా కనిపిస్తుంది, కాబట్టి పది చుక్కలకు ఒకటి చొప్పున లేత బూడిద కలపండి. తెల్ల రంగు కలిపితే నీలం స్కూల్ యూనిఫాం షేడ్‌లోకి పోతుంది. చెక్క రంగును పీల్చుకుంటుంది, పైగా జనం నడిచే చోట అరుగుతుంది. అందుకని టరెట్ల (తిరిగే ఫిరంగి గోపురాల) చుట్టూ కాస్త పలచన చేసి, ఉక్కు భాగాల మీద ఒకేలా ఉంచితే రెండింటికీ తేడా తెలుస్తుంది.

సమస్య: జపాన్ క్రూయిజర్ డెక్ మీద గీతలు నిలువుగా కాకుండా అడ్డంగా ఉన్నాయి. కిట్ తప్పా?

కారణం: కిట్ కరెక్టే, అది చెక్క కాదు. జపాన్ క్రూయిజర్లు, డిస్ట్రాయర్ల మీద ఎర్రటి గోధుమ రంగు లినోలియం (చుట్టగా వచ్చే నేల షీటు) పరిచి, అంచులను ఇత్తడి పట్టీలతో బిగించేవారు. ఆ అడ్డ గీతలు ఆ పట్టీలే. యమటో లాంటి బాటిల్‌షిప్‌లకే హినోకి చెక్క పలకలు, అవి పొడవునా ఉంటాయి. నా మొదటి డిస్ట్రాయర్‌కు చక్కగా చెక్క రంగు వేసి, పలకలు కూడా గీశాను. ఇంకా షెల్ఫ్‌లోనే ఉంది, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

పరిష్కారం: తమియా ఎక్స్‌ఎఫ్-79 సరిగ్గా దీనికోసమే ఉంది. పట్టీల మీద బంగారు పెన్ను తిప్పకండి, పట్టుచీర జరీ అంచులా తయారవుతుంది. ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడుతుంది. పదునుగా చెక్కిన లేత గోధుమ రంగు పెన్సిల్‌ను పట్టీ మీద ఒక్కసారి లాగితే చాలు.

బ్రిటిష్ నౌకల డెక్ మీద పరిచే కోర్టిసీన్ కూడా ఇదే తరహా. కాకపోతే యుద్ధం సాగేకొద్దీ చాలాచోట్ల దాన్ని తీసేశారు, లేదా పైన బూడిద రంగు వేశారు.

సమస్య: పలకల మధ్య గీతలు నల్లగా, లావుగా కనిపిస్తున్నాయి.

కారణం: 1/700లో 0.1 మిల్లీమీటర్ గీత అంటే అసలు నౌక మీద 7 సెంటీమీటర్ల సందు. నావికుడి కాలివేళ్లు ఇరుక్కుంటాయి!

పరిష్కారం: నల్ల వాష్ (గీతల్లోకి దిగేలా పూసే పలచటి రంగు) వద్దు. డెక్ రంగుకే ఒక షేడ్ ముదురుగా, బాగా పలచగా కలిపి పూసి, గుడ్డతో తుడిచేయండి.

సమస్య: మాస్కింగ్ టేప్ తీస్తే రంగు కూడా ఊడొస్తోంది.

కారణం: ప్రైమర్ వేయలేదు, లేదా కింది రంగు ఆరలేదు. వానాకాలంలో ఒక్కరోజు సరిపోదు.

పరిష్కారం: రెండు రోజులు ఆగండి. టేప్‌ను ముందు అరచేతికి రెండుసార్లు అంటించి, జిగురు తగ్గాకే డెక్ మీద వేయండి. తీసేటప్పుడు పైకి లాగకుండా వెనక్కి మడిచి నెమ్మదిగా తీయండి.